రాయికీ ఒక చిరునామా: చంద్రుడి మీదా అంగారకుడి మీదా ఫీల్డ్ జియాలజీ ఎలా చేస్తారు?

అంగారకుడి రాళ్లు మన దగ్గర ఇప్పటికే ఉన్నాయి. ఎవరూ వెళ్లి తెచ్చినవి కావు. ఎప్పుడో ఏదో పెద్ద ఉల్క ఆ గ్రహాన్ని గుద్దినప్పుడు ఎగిరిపోయిన ముక్కలు అంతరిక్షంలో తిరిగి తిరిగి చివరికి భూమి మీద పడ్డాయి. 1984 డిసెంబరులో అంటార్కిటికాలో ఆలన్ హిల్స్ దగ్గర మంచు మీద దొరికిన ఏఎల్‌హెచ్ 84001 అలాంటిదే. బరువు రెండు కిలోలకు కాస్త తక్కువ, వయసు 400 కోట్ల ఏళ్ల పైమాటే. అందులో సూక్ష్మజీవుల జాడలు ఉన్నాయంటూ 1996లో ఒక శాస్త్రవేత్తల బృందం ప్రకటించడంతో పెద్ద గగ్గోలే అయింది. మిగతావాళ్లలో ఎక్కువమంది ఆ మాటను ఒప్పుకోలేదు. సరే, రాయి మాత్రం చేతిలో ఉంది కదా, మళ్లీ వేల కోట్లు పోసి రోవర్లను పంపడం దేనికి?

ఎందుకంటే ఆ రాయికి చిరునామా లేదు. అంగారకుడి మీద ఏ ప్రాంతానిది? ఏ పొర కింద ఉండేది? దాని పక్కనున్నది లావానా, చెరువు అడుగున పేరుకున్న బురదా? పైవైపు ఏది, కిందివైపు ఏది? ఒక్కదానికీ జవాబు లేదు. ఫీల్డ్ జియాలజీ అంటే రాళ్లు ఏరుకురావడమని చాలామంది అనుకుంటారు. ఏరుకోవడం ఆఖరి మెట్టు. అసలు పని ఆ రాయి ఎక్కడుందో, ఎలా పడివుందో, దేన్ని ఆనుకుని ఉందో తెలుసుకుని రాసిపెట్టడం. (భూమి కాని చోట చేసేదాన్ని భూగర్భ శాస్త్రం అనొచ్చా అన్నది వేరే పేచీ. ఇప్పటికి ఆ పేరుతోనే సరిపెట్టుకుందాం.)

చేతికీ రాయికీ మధ్య

కడప వైపు ఫీల్డుకు వెళ్లిన జియాలజీ విద్యార్థిని గమనించండి. దూరం నుంచి గుట్టను చూసి పొరలు ఎటు వాలాయో పోల్చుకుంటాడు. దగ్గరికెళ్లి సుత్తితో ఒక్కటేసి, ఎండకూ వానకూ రంగు మారిన పైతోలు ఊడగొట్టి లోపలి తాజా ముఖం చూస్తాడు. కాసిని నీళ్లు చిలకరిస్తాడు, నీళ్లు లేకపోతే నాలుకతో తడుపుతాడు. తడిస్తే గింజల అంచులు తేటపడతాయి. పదిరెట్లు పెంచి చూపే భూతద్దం కంటికి ఆనించుకుని రాయిని దానికి దగ్గరగా తెస్తాడు. దిక్సూచితో పొర వాలు కొలుస్తాడు. సుత్తిని రాయి పక్కన పెట్టి ఫొటో తీస్తాడు. సుత్తి ఎంతుంటుందో అందరికీ తెలుసు కాబట్టి రాయి ఎంతదో ఫొటోలోనే తెలిసిపోతుంది. ముక్కను నంబరేసిన సంచిలో వేస్తాడు. అన్నీ కలిపి ఐదు నిమిషాల పని.

చంద్రుడి మీద ఇందులో దాదాపు ఏదీ కుదరదు. భూమికి ఉన్నట్టు మొత్తం గోళాన్ని ఆవరించిన అయస్కాంత క్షేత్రం అక్కడ లేదు, కనుక దిక్సూచి దండగ. జీపీఎస్ లేదు. హెల్మెట్ అద్దం అడ్డం కాబట్టి భూతద్దం కంటికి ఆనదు. నీళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆఖరికి వంగడం కూడా కష్టమే. అపోలో సూటు లోపల చదరపు అంగుళానికి 3.7 పౌండ్ల పీడనం, బయట శూన్యం. గట్టిగా గాలి కొట్టిన ట్యూబు లోపల చేయి పెట్టి పిడికిలి బిగిస్తే ఎలా ఉంటుందో, గ్లోవు అలా ఉంటుంది. సుత్తి పట్టుకున్న ప్రతిసారీ ఆ గాలితో కుస్తీ. అపోలో 15లో మూడు రోజులు పనిచేసేసరికి డేవిడ్ స్కాట్, జేమ్స్ ఇర్విన్‌ల గోళ్ల కింద రక్తం కమిలిపోయింది. అందుకే వాళ్ల సరంజామా అంతా పొడుగు పిడులది: నిలబడే రాయిని అందుకునే పట్టకారు, పొడుగు కాడ పార, సెంటీమీటరు ఎడంతో పళ్లున్న రేక్. రేక్‌తో మట్టిని గీస్తే ధూళి జారిపోయి చిక్కుడు గింజంత రాళ్లు మిగులుతాయి.

కర్ర, నీడ, ఐదు ఫొటోలు

అపోలో పనిముట్లలో అన్నిటికన్నా తెలివైనది చూడ్డానికి అన్నిటికన్నా సాదాసీదాగా ఉంటుంది. దాని పేరు గ్నోమన్. మూడు కాళ్ల పీట, దాని మధ్యలో ఏ వాలు మీద పెట్టినా తనంతట తానే నిట్టనిలువుగా నిలిచే కర్ర. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండులా అది నిలువును చూపిస్తుంది. దాని నీడ దిక్కు చెబుతుంది, ఎందుకంటే ఏ నిమిషంలో సూర్యుడు ఆకాశంలో ఎక్కడున్నాడో ముందే లెక్కకట్టి ఉంటుంది. కర్ర మీది గీతలు కొలబద్ద. ఒక కాలి మీద రంగుల పట్టీ, ఫొటోలో రంగు తేడా వస్తే సరిచూసుకోవడానికి. సుత్తి, దిక్సూచి, గుండు, రంగుల పట్టీ అన్నీ ఒకటే వస్తువు.

ఒక రాయిని పద్ధతిగా తీయాలంటే వరస ఇది. రాయి పక్కన గ్నోమన్ పెట్టాలి. సూర్యుడు వీపు వెనక ఉండేలా నిలబడి ఒక ఫొటో. ఇందులో నీడలు ఉండవు, రంగూ తెలుపూ బాగా తెలుస్తాయి. తర్వాత సూర్యుడు పక్కనుంచి పడేలా నిలబడి ఒకటి, ఒక అడుగు పక్కకు జరిగి ఇంకొకటి. పక్క వెలుగులో గరుకుతనం కనిపిస్తుంది, రెండు ఫొటోలూ కలిస్తే లోతు తెలుస్తుంది. అప్పుడు రాయిని తీసి సంచిలో వేసి, సంచి నంబరు రేడియోలో పైకి చదవాలి. తీశాక ఖాళీ అయిన చోటును మళ్లీ ఫొటో తీయాలి. ఆఖరున కాస్త దూరంగా వచ్చి రోవరో, కొండో, ల్యాండరో వెనక కనిపించేలా ఇంకో ఫొటో. కెమెరా ఛాతీకి బిగించి ఉంటుంది, చూసి తీయడానికి వ్యూఫైండర్ లేదు. ఫోకస్ 5, 15, 74 అడుగుల గంట్ల దగ్గర ఆగుతుంది. సూర్యుడు వెనకుంటే ఎఫ్ 11, పక్కనుంటే ఎఫ్ 8, ఎదురుగా ఉంటే ఎఫ్ 5.6 అని ఫిల్మ్ డబ్బా మీదే చీటీ అతికించి ఉండేది.

ఇంత తతంగం ఎందుకు? హ్యూస్టన్ ప్రయోగశాలలో ఆ రాయిని మళ్లీ బల్ల మీద పెట్టి, దీపాన్ని అదే కోణంలో ఉంచి, నీడలు ఫొటోలోని నీడలతో కలిసేదాకా రాయిని తిప్పేవాళ్లు. అలా చంద్రుడి మీద ఆ రాయి ఏ ముఖం పైకి పెట్టి పడుకుందో తేలేది. ఆకాశం వైపున్న ముఖానికే ఇసుకరేణువంత ఉల్కలు తగిలి సన్నటి గుంటలు పడతాయి, కాస్మిక్ కిరణాల గీతలు ఎక్కువ ఉంటాయి. పైముఖం తెలిస్తే ఆ రాయి అక్కడికి ఎప్పుడొచ్చి పడిందో లెక్కించవచ్చు. తెలియకపోతే ఆ కొలతలన్నీ సగానికి సగం పనికిరావు.

వ్యోమగాములకు ఈ వరస ఒంటబట్టించడానికి ఏళ్లు పట్టింది. అరిజోనాలో ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర 1967లో మందుగుండు పేల్చి, చంద్రుడి మీది బిలాల పటాన్ని చూస్తూ అచ్చం అలాంటి గుంటల మైదానమే తయారుచేశారు. అపోలో 15 వాళ్లకు లీ సిల్వర్ అనే జియాలజీ ప్రొఫెసర్ నేర్పిన తీరు ఇంకా బాగుంటుంది: చూసింది నోటితో చెప్పాలి, వినేవాళ్లు కొండ కనిపించని చోట కూర్చుని ఆ మాటల్ని బట్టి పటం గీయాలి. గీయలేకపోతే తప్పు చెప్పినవాడిదే. స్పర్ బిలం గట్టున మట్టిదిమ్మె మీద కూర్చోబెట్టినట్టున్న ఒక తెల్లని రాయి తళుక్కుమంటే, అది ఏమిటో చేతిలోకి తీసుకోకముందే స్కాట్ పోల్చుకున్నాడంటే ఆ శిక్షణ చలవే. 269 గ్రాముల ఆ ముక్క అనార్థొసైట్ అనే లేత రంగు శిల, దాని నంబరు 15415. పత్రికలు దానికి జెనెసిస్ రాక్ అని పేరు పెట్టాయి.

ఎక్కడున్నామో తెలియకపోవడం

1971 ఫిబ్రవరి. అపోలో 14లో అలన్ షెపర్డ్, ఎడ్గర్ మిచెల్ ఒక చేతిబండి లాక్కుంటూ కోన్ బిలం గట్టెక్కడానికి బయల్దేరారు. ఆ బిలం వెడల్పు సుమారు 340 మీటర్లు. బిలం గట్టుకే ఎందుకు? ఉల్క గుద్దినప్పుడు నేల బోర్లించినట్టు అవుతుంది. అన్నిటికన్నా లోతునున్న రాయి అన్నిటికన్నా దగ్గరగా, గట్టు మీదే పడుతుంది. గట్టు ఎక్కితే తవ్వకుండానే పదుల మీటర్ల లోతు నుంచి వచ్చిన రాయి దొరుకుతుంది. ప్రకృతి వేసిపెట్టిన బోరు అన్నమాట.

వాళ్ల చేతిలో పై నుంచి తీసిన ఫొటో పటం ఉంది. కానీ చంద్రుడి మీద గాలి లేదు, అందుకే దూరపు కొండ మసకబారదు. చెట్టు, స్తంభం, ఇల్లు, ఏదీ లేదు. రెండు మీటర్ల గుంట దగ్గర్లో ఉన్నా, ఇరవై మీటర్ల గుంట దూరాన ఉన్నా ఒకేలా కనబడతాయి. నేల అలలు అలలుగా ఉండటంతో ఒక దిబ్బ ఎక్కితే ముందు ఇంకో దిబ్బ. గుండె నిమిషానికి 150 సార్లు కొట్టుకుంటుంటే, సమయం అయిపోతుంటే, గట్టు కనబడకుండానే వెనక్కి తిరిగారు. తర్వాత చంద్రుడి చుట్టూ తిరిగే ఉపగ్రహం తీసిన ఫొటోల్లో వాళ్ల అడుగుజాడలు చూస్తే, గట్టుకు 30 మీటర్ల లోపే ఆగిపోయారని తేలింది. ఊరి పొలిమేర దాకా వెళ్లి ఊరు ఎక్కడని అడిగినట్టు.

శాస్త్రానికి జరిగిన నష్టం మాత్రం అనుకున్నంత లేదు. గట్టుకు అంత దగ్గర్లో ఏరిన బండలు లోతు నుంచి వచ్చినవే, ఆ బిలం వయసు సుమారు 2.6 కోట్ల ఏళ్లని వాటితోనే తేలింది. కాకపోతే ఆ రాళ్లను సరిగ్గా ఎక్కడ తీశారన్నది పానోరమా ఫొటోలు పరిచి ఒక్కొక్కటీ గుర్తుపట్టాల్సి వచ్చింది. తర్వాతి యాత్రలకు ఇచ్చిన రోవర్ తిరిగిన దిక్కూ దూరమూ లెక్క పెట్టుకుంటూ, ల్యాండర్ ఎటు ఎంత దూరంలో ఉందో చూపించేది.

రోవర్ వచ్చాక కొత్త చిక్కు: అది మధ్యలో చెడిపోతే నడిచి ల్యాండర్ చేరేంత ఆక్సిజన్ ఉండాలి. ఆ లెక్క గంట గంటకూ మారుతుంది, పని మొదట్లో దూరం వెళ్లొచ్చు, పోనుపోను దగ్గరికి రావాలి. అందుకే ముందు దూరపు మజిలీకి వెళ్లి, అక్కణ్ణుంచి వెనక్కి వస్తూ పని చేసేవాళ్లు. అపోలో 17 ల్యాండర్ నుంచి అత్యధికంగా 7.6 కిలోమీటర్ల దూరం వెళ్లింది. ఆ యాత్రలో జీన్ సెర్నన్ సుత్తి తగిలి రోవర్ మడ్‌గార్డు విరిగింది. చక్రాలు ఎగజిమ్మే నల్లటి ధూళి బ్యాటరీల మీద పడితే ఎండ వేడి పట్టేసి అవి కాగిపోతాయి. చివరికి నాలుగు పటాలను టేపుతో అతికించి, దీపం బిగించే క్లాంపులతో బిగించి మడ్‌గార్డు చేశారు. జియాలజీ పటానికి ఇలాంటి ఉపయోగం కూడా ఉంటుంది.

అనుకున్నది కాదని తెలిసినప్పుడు

1972 ఏప్రిల్‌లో అపోలో 16ను డెకార్ట్ కొండలకు పంపింది అక్కడ అగ్నిపర్వత శిలలు ఉంటాయని. పై నుంచి తీసిన ఫొటోల్లో నేల అలాగే ఉంది. జాన్ యంగ్, చార్లీ డ్యూక్ దిగి చూస్తే ఎటు చూసినా బ్రెక్సియా, అంటే ఉల్కల దెబ్బకు పగిలిన ముక్కలు కాంక్రీటులా అతుక్కుపోయిన రాయి. లావా జాడే లేదు. మొదటి నడకలోనే ఆ సంగతి చెప్పేశారు. అపోలో మొత్తంలో అతి పెద్ద రాయి, 11.7 కిలోలది, అక్కడిదే. హ్యూస్టన్ వెనక గదిలో కూర్చున్న జియాలజిస్టులు టీవీలో చూసి తీసుకోమన్నారు. వాళ్ల నాయకుడు బిల్ మ్యూల్‌బర్గర్ పేరు మీద దానికి బిగ్ మ్యూలీ అని పేరు. ఆ గదిలోవాళ్లు వ్యోమగాములతో నేరుగా మాట్లాడేందుకు వీల్లేదు. ఏ మాటైనా మైకు ముందున్న కాప్‌కామ్ అనే మనిషి ద్వారానే వెళ్లాలి. చెప్పింది అటు చేరేలోపు వాళ్లు ఇంకో రాయి దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు.

అదే ఏడు డిసెంబరులో, అపోలో 17లో, షార్టీ బిలం దగ్గర హారిసన్ ష్మిట్ కాలు మట్టిని గీరింది. కింద నారింజ రంగు. చంద్రుడి మీద నడిచినవాళ్లలో వృత్తిరీత్యా జియాలజిస్టు ఆయన ఒక్కడే. అక్కడ ఉండేందుకు సుమారు అరగంటే మిగిలింది. ఆ అరగంటలో అడ్డంగా కాలువ తవ్వి రంగు ఎంత వెడల్పున ఉందో చూశారు, రెండు పక్కలా బూడిద రంగు మట్టి కూడా తీసుకున్నారు, గొట్టం దిగ్గొట్టి లోతు నమూనా లాగారు. గొట్టం కొస నల్లగా వచ్చింది. ఇటీవలి అగ్నిపర్వత ఆవిరి రంధ్రమేమో అన్నది అప్పటికప్పుడు వచ్చిన ఊహ. ప్రయోగశాలలో అది 360 కోట్ల ఏళ్ల నాడు ఎగజిమ్మిన లావా చుక్కలు గడ్డకట్టిన గాజుపూసలని తేలింది. షార్టీ మామూలు ఉల్క బిలమే, ఎప్పుడో పూడిపోయిన పూసల పొరను తిరగేసి బయటపెట్టింది. ఊహ తప్పింది. కానీ రంగు మట్టి ఒక్కటే తీసి ఊరుకోకుండా పక్కదీ, కిందదీ కూడా తీయడం వల్లే తప్పని తెలిసింది. ఫీల్డులో మనిషి చేసే మేలు ఇదేనని నా అభిప్రాయం: చూసి, మనసు మార్చుకుని, అరగంటలో వేరే పని చేయగలగడం.

బోరు ఎందుకు దిగదు

మన ఊళ్లలో బోరు వేసేటప్పుడు రాతిపొడి పైకి రావాలి, లేకపోతే రాడ్డు బిగుసుకుంటుంది. కంప్రెసర్ గాలో నీళ్లో ఆ పొడిని తోసుకొస్తాయి. చంద్రుడి మీద రెండూ లేవు. రాడ్డు చుట్టూ ఉన్న మరల గాళ్లే పొడిని మోసుకురావాలి. అపోలో 15 రాడ్లలో అతుకుల దగ్గర ఆ గాళ్లు లోతు లేకుండా ఉన్నాయి. పొడి అక్కడే ఆగి, గట్టిపడి, రాడ్డును పట్టేసింది. ఉష్ణ ప్రవాహం కొలవడానికి 3 మీటర్లు దిగాల్సిన బోరు సగంలో నిలిచిపోయింది. మట్టి నమూనాకు దించిన రాడ్డు 2.4 మీటర్ల లోతున ఇరుక్కుంటే ఇద్దరూ భుజాలు పెట్టి లాగాల్సి వచ్చింది. తర్వాతి యాత్రకు గాళ్లు మార్చారు, రాడ్డు పైకెత్తడానికి జాకీ ఇచ్చారు. ఈసారి రాడ్డు బాగానే దిగింది గానీ, ఉష్ణమాపకం తీగ జాన్ యంగ్ కాలికి తగులుకుని తెగిపోయింది.

అంగారకుడి మీద సరిగ్గా దీనికి ఎదురు కష్టం. ఇన్‌సైట్ ల్యాండర్ 2018లో తీసుకెళ్లిన 40 సెంటీమీటర్ల మేకు లోపలి సుత్తితో తనను తానే కొట్టుకుంటూ 5 మీటర్లు దిగాలి. ప్రతి దెబ్బకూ మేకు వెనక్కి తన్నుతుంది, చుట్టూ మట్టి కూలి దాన్ని పట్టుకుంటేనే ముందుకు వెళ్తుంది. అక్కడి మట్టి పైన పెచ్చు కట్టి ఉంది, కూలలేదు. మేకు చుట్టూ గుంటపడి, ఉన్నచోటే ఎగిరింది. పారతో అదిమారు, మట్టి కప్పారు. 2021 జనవరిలో వదిలేసేనాటికి దాని తల నేలకు రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే కిందికి దిగింది. 2008లో ఫీనిక్స్ ల్యాండర్‌కు మట్టి జిగటై జల్లెడ దాటలేదు, రోజుల తరబడి ఊపాల్సి వచ్చింది. భూమి మీది ఇసుకలో బాగా పనిచేసిన యంత్రం అక్కడి మట్టి స్వభావం తెలియక ఓడిపోతుంది. చంద్రయాన్ పరీక్షలకు తమిళనాడులోని సిత్తంపూండి నుంచి అనార్థొసైట్ రాయి తెప్పించి, పొడి కొట్టి పరిచింది అందుకే.

రోవర్ ఒక రోజు

భూమి నుంచి చంద్రుడికి రేడియో మాట 1.3 సెకన్లలో చేరుతుంది. అంగారకుడికి 3 నుంచి 22 నిమిషాలు. ఈ తేడా వల్ల జాయ్‌స్టిక్కుతో తోలడం అసాధ్యం. రోవర్ తన సాయంత్రం ఫొటోలూ కొలతలూ ఆర్బిటర్ ద్వారా పంపుతుంది. అది నిద్రపోయే వేళ ఇక్కడ బృందం వాదించుకుని, మర్నాటి పనిని ఆదేశాలుగా రాసి, అక్కడ తెల్లవారేసరికి పంపుతుంది. రోజుకు ఒకే ఒక్క ఆలోచన. ఇంతాచేసి అక్కడి రోజు 24 గంటల 39 నిమిషాలు కాబట్టి రెండు గడియారాలూ ఒకదాన్నొకటి దాటుకుంటూ ఉంటాయి.

అందుకే నాసా రోవర్ క్యూరియాసిటీకి ఒక్క బోరు వేయడమంటే వారం పైగా సాగే పని. రాయి దగ్గరికి కొద్దిగా జరగాలి. చేయి అందుతుందో, ఏదైనా చక్రం గులకరాయి మీద ఊగిసలాడుతోందో చూడాలి, ఎందుకంటే డ్రిల్ దిగాక బండి జారితే బిట్ విరుగుతుంది. బ్రష్‌తో ధూళి ఊడవాలి. దగ్గరి ఫొటోలు. రాత్రంతా ఏపీఎక్స్ఎస్ అనే ఎక్స్ కిరణాల పరికరాన్ని ఆనించి రసాయనాలు కొలవాలి. ఆ పరికరం చలికి ఇంకా బాగా పనిచేస్తుంది. మర్నాడు డ్రిల్‌తో అదిమి రాయి గట్టిదనం చూసి, తర్వాత 1.6 సెంటీమీటర్ల వెడల్పు, ఆరు సెంటీమీటర్ల పైచిలుకు లోతున రంధ్రం. పొడిని లోపలి ప్రయోగశాలకు పోసి, ఫలితం వచ్చి, మిగిలిన పొడి పారబోసేదాకా కదలకూడదు. 2016 డిసెంబరులో డ్రిల్‌ను ముందుకు నెట్టే యంత్రం మొరాయించింది. అంతవరకు డ్రిల్‌కు అటూ ఇటూ రెండు ఊతకర్రలు రాతికి ఆనేవి. ఇంజినీర్లు ఏడాదిన్నర కుస్తీపట్టి, డ్రిల్‌ను శాశ్వతంగా ముందుకు చాచి ఉంచి, ఊతకర్రలు లేకుండా చేయి బలంతోనే నెట్టే ఉపాయం కనిపెట్టారు. గోడకు డ్రిల్ మిషన్ పట్టుకుని నెట్టే మనిషిలాగే. 2018 మేలో అది పనిచేసింది.

ఇక ఆ చక్రాలు. అర మీటరు వ్యాసమున్న అల్యూమినియం చక్రం పలక మందం 0.75 మిల్లీమీటరు. గాలి చెక్కిన మొనదేలిన రాళ్లు నేలలో బిగుసుకుని కదలకపోవడంతో 2013 నుంచే చిల్లులు పడ్డాయి. దారిలో ఏ రాయి మీదకు ఎక్కాలో ఎంచుకోవడం అప్పటినుంచీ పెద్ద పనే.

రోవర్లకు లేనిది సుత్తి. లేజరుందీ, గీకే చక్రముందీ, పర్సెవెరెన్స్‌కైతే ధూళి ఊదడానికి నైట్రోజన్ కూడా ఉంది. కానీ ఇంత పెద్ద రాయిని పగలగొట్టి లోపల చూసే వీల్లేదు. ఆ లోటు ఎంతటిదో రెండు ప్రమాదాలు చెబుతాయి. 2006లో స్పిరిట్ రోవర్ ముందు చక్రం ఒకటి బిగుసుకుపోయింది. దాన్ని ఈడ్చుకుంటూ వెళ్తుంటే 2007లో నేలలో చాలు పడి, కింద తెల్లని మట్టి బయటపడింది. అందులో 90 శాతం పైగా సిలికా, అంటే ఒకప్పుడు అక్కడ వేడినీటి ఊటో ఆవిరి రంధ్రమో ఉండేదన్నమాట. 2024 మేలో క్యూరియాసిటీ ఒక రాయి మీదుగా వెళ్తే అది నలిగి, లోపల పసుపుపచ్చని శుద్ధ గంధకం స్ఫటికాలు కనిపించాయి. రెండు చోట్లా ముందే ఎంచుకున్న పరీక్ష కాదు, తాజా ముఖం పొరపాటున బయటపడటమే. ఆ విద్యార్థి మొదటి సుత్తిదెబ్బకే చూసేది ఇదే.

మనిషి గొప్పా, యంత్రం గొప్పా అన్న పోలిక తరచు వస్తుంది. అంగారకుడి మీద ఆపర్చ్యూనిటీ రోవర్ 14 ఏళ్లలో 45 కిలోమీటర్లు తిరిగింది, అపోలో 17 మూడు రోజుల్లో దాదాపు 36. కానీ ఆ మూడు రోజుల తర్వాత అక్కడ ఎవరూ లేరు. ఒకే రాతి పొరను పద్నాలుగేళ్లు వెంబడించడం మనిషి వల్ల కాదు.

ప్రజ్ఞాన్ వంద మీటర్లు

శ్రీహరికోట నుంచి వెళ్లి 2023 ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ బరువు 26 కిలోలు. దాని కెమెరాలు తీసిన జంట ఫొటోల నుంచి ఇక్కడ ఎత్తుపల్లాల పటం తయారుచేసేవాళ్లు. ఆ పటం 5 మీటర్ల దాకానే నమ్మదగింది, కాబట్టి ఒక ఆదేశంతో 5 మీటర్లకు మించి నడిపేవాళ్లు కాదు. ఆగస్టు 27న 3 మీటర్ల ఎదురుగా 4 మీటర్ల వెడల్పు గుంట కనబడితే వచ్చిన దారినే వెనక్కి తిప్పారు. రాత్రి చలికి కాచుకునే అణు హీటరు లేదు, ఉన్నది ఒక్క చాంద్ర పగలే, మన లెక్కలో 14 రోజులు.

ఆ వ్యవధిలో 103 మీటర్ల దారి పొడవునా 23 చోట్ల దాని ఏపీఎక్స్ఎస్ నేలను కొలిచింది. క్యూరియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలూ ఎక్స్ కిరణాలూ మట్టిని తాకితే, అందులోని ప్రతి మూలకం తనదైన శక్తితో ఎక్స్ కిరణాలు తిరిగి వెదజల్లుతుంది, వాటిని లెక్కపెడతారు. ఖనిజం పేరు ఇది చెప్పదు. అల్యూమినియం, కాల్షియం, ఇనుము ఎంతెంతో చెబుతుంది. తేలిందేమిటంటే అక్కడి మట్టి ఇనుముతో కూడిన అనార్థొసైట్ తరహాది, మెగ్నీషియం మాత్రం కాస్త ఎక్కువ. చంద్రుడు మొదట్లో కరిగిన శిలాద్రవ సముద్రమని, తేలికైన ఖనిజాలు మీగడలా పైకి తేలి గడ్డకట్టాయని అపోలో 11 మట్టిలోని తెల్లటి రవ్వల్ని చూసి 1970లో ఊహించారు. దక్షిణ ధ్రువానికి అంత దగ్గర్లో నేల మీదే ఆ ఊహను సరిచూసింది ఇదే మొదటిసారి. మెగ్నీషియం మాత్రం లోపలి పొరల నుంచి పెద్ద ఉల్క బిలం ఎగజిమ్మిన సరుకు కలిసిందని సూచిస్తోంది. మట్టి అంటేనే కలగాపులగం, ఏ రేణువు ఎక్కణ్ణుంచి వచ్చిందో దాన్ని తీసుకొచ్చి చూస్తే తప్ప తేలదు. నమూనాలు తెచ్చే చంద్రయాన్-4కు 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 2,104 కోట్లు ఆమోదించింది.

ధ్రువం దగ్గరికి మనుషులు వెళ్తే అపోలో పద్ధతి కూడా మార్చాలి. అక్కడ సూర్యుడు దిగంతం మీద ఒకటిన్నర డిగ్రీల ఎత్తున పాకుతుంటాడు. అర మీటరు గ్నోమన్ కర్ర నీడ దాదాపు 20 మీటర్లు సాగుతుంది. పక్కనున్న బండ నీడలో పడ్డ రాయి అసలు కనబడనే కనబడదు. ఫొటోకు దీపం వెంట తీసుకెళ్లాల్సిందే.

గొట్టాలు

అంగారకుడి మీదికి పర్సెవెరెన్స్ రోవర్ వెంట నమూనాలు దాచే 43 గొట్టాలు వెళ్లాయి. అందులో ఐదు రాయి కోసం కాదు. భూమి నుంచి అంటుకొచ్చిన మలినమేదో, రాయిలోనిదేదో తర్వాత తేడా తెలియడానికి వాటిని అక్కడి గాలికి తెరిచి మూస్తారు. 2021 ఆగస్టు 6న మొదటి బోరు వేస్తే అన్ని అంకెలూ సరిగ్గా వచ్చాయి, డ్రిల్ అనుకున్నంత లోతు దిగింది, గొట్టం మూత పడింది. లోపల మాత్రం ఏమీ లేదు. వాతావరణం తినేసిన ఆ రాయి బిట్ కింద పొడిపొడిగా రాలిపోయింది. యంత్రం తప్పేం లేదు, రాయిని ఎంచుకోవడంలోనే పొరపాటు. తర్వాతి రాయికి పద్ధతి మార్చారు: ముందు 5 సెంటీమీటర్ల వెడల్పున గీకి గట్టిదేనని చూసుకున్నారు, బోరు వేశాక మూత పెట్టకుండా ఆగి, గొట్టం లోపలికి ఫొటో తీసి చూశారు. సెప్టెంబరులో బలపం ముక్కంత రాయి దొరికింది. ఖాళీ గొట్టం వృథా పోలేదు, అందులో బిగిసింది అంగారకుడి గాలి.

2024 జులైలో చెయావా ఫాల్స్ అని పేరు పెట్టిన బండ మీద చిరుతపులి మచ్చల్లాంటివి కనిపించాయి. మధ్యలో లేత రంగు, చుట్టూ ముదురు అంచు. అంచుల్లో ఇనుము, భాస్వరం ఉన్న ఖనిజం, ఇనుము గంధకాల ఖనిజం. భూమి మీద బురదలో సూక్ష్మజీవులు ఇలాంటివి చేస్తాయి, జీవం లేకుండానూ ఏర్పడవచ్చు. రోవర్ మీది ఏ పరికరమూ ఈ తగువు తేల్చలేదు. ఆ బండ నుంచి తీసిన కోర్ గొట్టంలో ఉంది. దాన్ని తేవడానికి 1,100 కోట్ల డాలర్లు, 2040 దాకా సమయం పట్టవచ్చని 2024లో నాసా చెప్పి, చవక దారుల కోసం వెతుకులాట మొదలుపెట్టింది.

అంతకు ముందే, రోవర్ మధ్యలో చెడిపోయినా కనీసం కొన్ని దక్కాలని 2022 డిసెంబరు నుంచి 2023 జనవరి దాకా త్రీ ఫోర్క్స్ అనే చదునైన చోట పది గొట్టాలను నేల మీద దించారు. రోవర్ కడుపు కింద నుంచి 89 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఒక్కొక్కటీ జారవిడుస్తుంది. పడ్డాక రోవర్ చేయి వంచి కెమెరాతో కిందికి తొంగిచూసేది: గొట్టం దొర్లి చక్రం దారిలోకి వచ్చిందా, పడుకోకుండా నిటారుగా నిలబడిపోయిందా అని. తర్వాత వచ్చే యంత్రం ఒక్కోదాన్ని మరోదానికి తగలకుండా ఎత్తుకోవాలి కాబట్టి 5 నుంచి 15 మీటర్ల ఎడంతో వంకరటింకరగా పెట్టారు. ధూళి కప్పేసినా వెతుక్కోవచ్చని ప్రతి గొట్టం పడ్డ చోటునూ, అది ఏ దిక్కుకు తిరిగి పడుకుందో సహా, పటంలో గుర్తుపెట్టారు.